మానిటర్‌కి స్పీకరే లేదు, పాట ఎక్కడ్నుంచి వస్తుంది

ప్రశ్న: సార్, ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ 24.04 వాడుతున్న. పోయిన వారం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయి సెకండ్ హ్యాండ్ ఎన్విడియా జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టిన, అప్పట్నుంచి స్పీకర్లలో సౌండ్ లేదు. డ్రైవర్ వేస్తే సెట్ అయితదేమో అని కొత్తది 550 వేసిన, ఇప్పుడు స్క్రీనే నల్లగ ఉంటుంది. మా నాన్న రోజూ పొద్దున పాటలు పెట్టుకుంటడు, "మంచిగున్నదాన్ని ఎందుకు కెలికినవ్‌రా" అని ఒకటే సణుగుడు. ఫార్మాట్ కొట్టాల్నా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఫార్మాట్ మాట ఎత్తకండి, కార్డు కూడా వాపస్ ఇవ్వక్కర్లేదు. ముందు స్క్రీన్ సంగతి. జీటీ 710 కెప్లర్ అనే పాత తరం కార్డు, ఎన్విడియా డ్రైవర్లలో దానికి 470 సిరీసే ఆఖరు. మీరు వేసిన 550 ఆ కార్డుని పట్టించుకోదు, పైగా అప్పటిదాకా పని నడిపిస్తున్న, ఉబుంటుతోనే వచ్చే నూవో డ్రైవర్‌ని కూడా పక్కకి నెట్టేస్తుంది, ఉన్నదీ పాయె కొత్తదీ రాకపాయె.

మెషీన్ ఆన్ చేస్తూనే షిఫ్ట్ నొక్కి పట్టండి (బయోస్ బదులు కొత్త రకం యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్, అదీ ఒక్కసారే), ఏది బూట్ చేయాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. ఉబుంటు లైన్ మీద e కీ నొక్కి, లినక్స్ (linux) అని మొదలయ్యే లైన్ చివర ఒక స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి ఎఫ్10 కొట్టండి. డెస్క్‌టాప్ రాకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కలిపి నొక్కండి, ఉత్త అక్షరాల స్క్రీన్ వస్తుంది, అక్కడ లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డ్ పోయిందనుకుని భయపడకండి. సుడో ఆప్ట్ పర్జ్ (sudo apt purge) కమాండ్‌తో ఎన్విడియా ప్యాకేజీలన్నీ తీసేసి రీబూట్ చేస్తే నూవో తిరిగొస్తుంది. గేమ్స్ ఆడరు, పాటలూ బ్రౌజింగే అంటే నన్నడిగితే అక్కడే ఆగిపోండి. లేదు, ఎన్విడియాదే కావాలంటే ఉబుంటు-డ్రైవర్స్ డివైజెస్ (ubuntu-drivers devices) అని కొట్టి చూసి 470 వేసుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే రీబూట్‌లో నీలం స్క్రీన్ వచ్చి ఎన్‌రోల్ మోక్ (Enroll MOK) అంటుంది, అదే ఎంచుకోండి, చాలామంది కంగారులో కంటిన్యూ నొక్కేసి తర్వాత డ్రైవర్ ఎక్కలేదని ఏడుస్తారు.

ఇక సౌండ్. అసలు తమాషా ఇక్కడుంది, ఆ కార్డు బొమ్మతో పాటు సొంత సౌండ్ డివైజ్ కూడా వెంట తెచ్చుకుంది, హెచ్‌డీఎంఐ కేబుల్‌లో పోయేది. సిస్టమ్ పాటని అటు పంపుతోంది, మీ మానిటర్‌కి స్పీకర్లు ఉండి ఉండవు. సెట్టింగ్స్‌లో సౌండ్‌కి పోయి అవుట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ తీసి లైన్ అవుట్ ఎంచుకోండి. అది కనపడకపోతే పావుకంట్రోల్ (pavucontrol) అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి చివరి ట్యాబ్ కాన్ఫిగరేషన్‌లో ఎన్విడియా దానికి ఆఫ్ పెట్టి, మదర్‌బోర్డు సౌండ్‌కి అనలాగ్ స్టీరియో పెట్టండి. అప్పటికీ మూగగానే ఉంటే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) అని కొట్టి, ఎఫ్6తో మదర్‌బోర్డు సౌండ్ కార్డు ఎంచుకుని చూడండి, మాస్టర్ కింద ఎమ్ఎమ్ అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎమ్ కీ నొక్కితే తెరుచుకుంటుంది. స్పీకర్ పిన్ను వెనక ఆకుపచ్చ జాక్‌లోనే ఉందా చూడండి, కార్డు పెట్టేటప్పుడు కేబుళ్ళు పీకే ఉంటారుగా.

ఒక్కటి మాత్రం చేయకండి, పాత సలహాలు చూసి, సౌండ్ నడిపే పాత ప్రోగ్రామ్ పల్స్‌ఆడియో తీసి మళ్ళీ వేయడం. ఉబుంటులో 22.10 నుంచి ఆ పని చేసేది డీఫాల్ట్‌గా పైప్‌వైర్, అది ఇరుక్కుంటే లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అయితే చాలావరకు దారికొస్తుంది. ఈ పనంతా రాత్రే కానిచ్చేయండి, పొద్దున్నే నాన్నగారు లేచేసరికి.