పాత శాంత్రో కారు డోర్లలో కొత్త స్పీకర్లు వేశాక బేస్ (లావు సౌండు) పోయిందన్నారుగా, సమాధానం
స్పీకర్లు బానే ఉన్నాయండి, డోర్‌లో గాలి లీకవుతోంది. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి భాగం) వెనక సౌండు సందుల్లోంచి ముందుకొచ్చి ముందు సౌండుని కొట్టేస్తుంది, అందుకే బేస్ రాక పల్చగా వినపడతంది.

1. ముందు ప్లస్ మైనస్ చూడండి. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తగిలిస్తే అన్ని కోన్లూ బయటికే రావాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: స్పీకర్ బిగించే రింగుకీ డోర్ రేకుకీ మధ్య ఫోమ్ గాస్కెట్ (సందు మూసే మెత్తటి పట్టీ). చుట్టూ వేలితో తడమండి, గోరు దూరేంత సందున్నా స్క్రూలు విప్పి మళ్ళీ వేయాల్సిందే. ఆటోనగర్‌లో ప్లైవుడ్ రింగు కోయిస్తే పెయింట్ కొట్టించండి, లేపోతే వానకి ఉబ్బుద్ది.

3. లోపలి రేకు మీదున్న పెద్ద బొక్కలు బ్యుటైల్ షీటుతో (అతుక్కునే రబ్బరు షీటు) మూసేయండి, మామూలు డబుల్ టేపు మన బెజవాడ ఎండకి ఊడొచ్చుద్ది.

డోర్ అడుగున నీళ్లు పోయే బెజ్జాలు మాత్రం మూయొద్దు, తుప్పు పట్టుద్ది.