“సార్, మీ లైటు వెలుగుతోంది!”

ఒకరు బెంగళూరులో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారట. పట్టపగలు కూడా ముందు లైటు కావాలా, బొటనవేలంత చిన్న లైటు సరిపోతుందా అని అడిగారు. కావాలి, చిన్నదే సరిపోతుంది. జవాబు నిజానికి ఇంతే. కానీ మురుగేశ్‌పాళ్య దగ్గర నాకు జరిగింది చెప్పకుండా ఊరుకోలేను.

నేను ఉండేది మారతహళ్లి, ఆఫీసు దొమ్మలూరు. పాత విమానాశ్రయం రోడ్డు మీదుగా రోజూ రానూ పోనూ సైకిలే. ఈ దారికి ఒక శాపం ఉంది. పొద్దున పడమటికి వెళతాను, సాయంత్రం తూర్పుకు వస్తాను. రెండు పూటలా ఎండ నా వీపు మీదే కాబట్టి నాకు హాయిగానే ఉంటుంది. ఎదురుగా నా వైపు చూసేవాళ్లకు మాత్రం సూర్యుడు సరిగ్గా నా తల వెనక ఉంటాడు. ఏడాది పాటు ఈ సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఒక నవంబరు ఉదయం, ఎనిమిది కావస్తోంది. ఎడమవైపు సందులోంచి తెల్ల కారు ఒకటి ముక్కు బయటపెట్టి ఆగింది. నడుపుతున్న పెద్దాయన తల తిప్పి నా వైపు చూశారు. నేనూ ఆయన ముఖంలోకే చూశాను. చూశారు కదా, ఆగుతారులే అని తొక్కుతూనే ఉన్నాను. ఆయన ఆగలేదు. రెండు బ్రేకులూ ఒక్కసారిగా నొక్కాను. వెనక చక్రం జారి సైకిల్ ఒక పక్కకు పోయింది, నేను కారు బానెట్ మీద బోర్లా పడ్డాను. “అమ్మా” అన్నాను. దాని వెంట ఇక్కడ రాయలేని మాట ఇంకొకటి కూడా అన్నాను. కన్నడంలో ఏదో మొదలుపెడుతూ దిగిన ఆయన ఆ రెండో మాట వినగానే తెలుగులోకి వచ్చేశారు.

“ఏం బాబూ, దెబ్బ తగిలిందా? ఒట్టు, నువ్వు కనిపించలేదు.”

“నా వైపే చూశారు కదండీ!”

“చూశాను నాయనా. రోడ్డు ఖాళీగా ఉంది.”

కారులోంచి ఆయన భార్య, “ఎండకు కళ్లు చికిలించుకుంటూ బండి ముందుకు పోనివ్వకండని ఎన్నిసార్లు చెప్పాను మీకు!” అని కేకలేస్తున్నారు. మోకాలు చీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. మదనపల్లె వాళ్లట. పక్కనే ఉన్న టీ కొట్టులో కూర్చోబెట్టి నా చేత బాదం పాలు తాగించారు. తర్వాత ఆయన చేసిన పని నేను మరచిపోలేను. కారును మళ్లీ సందులోకి వెనక్కి తీసి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, “నువ్వే చూడు” అన్నారు.

చూశాను. కుడివైపు రోడ్డంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపులోంచి స్కూటర్లు వస్తున్నాయి. వస్తున్నాయని నాకు తెలిసింది వాటి హెడ్‌లైట్ల వల్లే. ఒక సైకిల్ కూడా వచ్చిందని అది కారు ముందు నుంచి దాటిపోయాక గానీ తెలియలేదు.

2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. అది మంచిదే. కానీ దాని వల్ల సైకిల్‌వాడి పరిస్థితి ఇంకా దిగజారిందని నా అభిప్రాయం. చుట్టూ అందరికీ దీపం ఉన్నప్పుడు కారు నడిపేవారి కన్ను దీపాలనే లెక్కపెడుతుంది, దీపం లేనివాడు ఆ లెక్కలోకి రాడు. వంద కిలోల బండికి, అందులోనూ చప్పుడు చేసుకుంటూ వచ్చేదానికి పగటి లైటు కావలసి వచ్చినప్పుడు, సడి లేకుండా వచ్చే మనకు అక్కరలేదా?

ప్రత్యేక దారి ఉంటే ఈ గొడవ ఉండదు కదా అంటారేమో. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన చిన్న చిన్న స్తంభాలు పాతి సైకిళ్లకు దారి విడదీశారు. నేను దాని మీద తొక్కాను కూడా. కొన్నాళ్లకు స్తంభాలు విరిగాయి, ఆటోలు ఆగాయి, రాంగ్ రూట్‌లో వచ్చే స్కూటర్లకు అదే రాజమార్గమైంది. ఆ ముచ్చట ఇక ఎత్తను, రక్తపోటు పెరుగుతుంది.

లైటు దగ్గరికి వద్దాం. మొదట 250 రూపాయలు పెట్టి పెన్సిల్ బ్యాటరీలతో వెలిగేది కొన్నాను. దాన్ని మిట్టమధ్యాహ్నం మా సందు చివర సైకిల్‌కు తగిలించి, వెనక్కి నడుస్తూ చూశాను. ఇరవై అడుగులకే మాయం. రెండోది 1,800 రూపాయలు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. సందు రెండో చివరి నుంచి కూడా కళ్లలో గుచ్చింది. మీరూ ఏది కొన్నా ఇలాగే పరీక్షించండి. ఆన్‌లైన్‌లో అయిదు నక్షత్రాలిచ్చిన మహానుభావులు దాన్ని పడకగదిలో లైట్లార్పి పరీక్షించి ఉంటారు. పెట్టె మీద ల్యూమెన్లు ఎన్ని వేలని రాశారో చూసి మోసపోకండి. ల్యూమెన్లు చెప్పేది మొత్తం వెలుతురు ఎంతన్నది. పగలు మనకు పనికొచ్చేది ఆ వెలుతురు ఎంత సన్నని పుంజంగా ఎదుటివారి కంటికి చేరుతుందన్నది. వెలుతురును ఒకచోటికి చేర్చే కటకం (లెన్స్) ఉన్న 200 ల్యూమెన్ల లైటు, నలుదిక్కులా చిమ్మే 1,000 ల్యూమెన్ల లైటును పగటిపూట ఓడిస్తుంది. పగలు మిణుకుమనేలా పెట్టుకోండి, దానికి చార్జింగు కూడా ఎక్కువ సేపు నిలుస్తుంది. చీకటి పడితే మాత్రం నిలకడగా వెలిగేలా మార్చి, దాని మూతి కిందికి వంచండి. రాత్రి మిణుకుమిణుకుమంటే ఎదుటివాడికి మీరు ఎంత దూరంలో ఉన్నారో అంతుపట్టదు. జర్మనీలో సైకిల్ లైట్లు మిణుకుమనడమే నిషిద్ధం.

రుజువు ఉందా అని అడిగేవాళ్లు ఉంటారు. డెన్మార్క్‌లోని ఓడెన్సె పట్టణంలో 2004–05లో 3,845 మంది సైకిల్‌వాళ్లతో ఏడాది పాటు ప్రయోగం చేశారు. పగలూ రాత్రీ లైటు వెలిగినవాళ్లలో, అలాంటి లైటు లేనివాళ్ల కంటే గాయాల ప్రమాదాలు 19 శాతం తక్కువ. అది క్రమశిక్షణ ఉన్న ఊరు. మన దగ్గర చేస్తే ఆ అంకె రెండింతలు ఉంటుందని నేను రాసిస్తాను.

నా దగ్గర అంతకంటే గట్టి రుజువు ఉంది. లైటు పెట్టిన రోజు నుంచి దారిలో ఎవరో ఒకరు గుప్పిట మూసి తెరుస్తూ సైగ చేస్తారు, “సార్, మీ లైటు వెలుగుతోంది” అని. ఆటోడ్రైవర్లు, పాలవాళ్లు, సిగ్నల్ దగ్గర పోలీసు, బడి వ్యానులోంచి పిల్లలు. మొదట్లో “తెలుసండీ, కావాలనే వేశాను” అని వివరించేవాణ్ణి. ఇప్పుడు చెయ్యెత్తి దండం పెడుతున్నాను. ఆ సైగ చేసిన ప్రతివాడూ నన్ను చూశాడు. లైటు లేని ఏడాదిలో నన్ను చూసి ఒక్కరూ చెయ్యి ఊపలేదు.

ఇంకొక్క మాట. ఎక్కడైనా ఆగితే లైటు ఊడదీసి జేబులో వేసుకోండి. నా మొదటి 1,800 రూపాయల లైటు మారతహళ్లిలో ఒక టిఫిన్ సెంటర్ ముందు పోయింది. పెసరట్టు తిని వచ్చేసరికి హ్యాండిల్‌కు రబ్బరు పట్టీ ఒక్కటే వేలాడుతోంది. చూశారా, దొంగకు కూడా పట్టపగలే కనిపించింది.