ఒక రేకు, యాభై వేల బస్తాలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు వెనక గూడ్స్ షెడ్డు ఉంది. సిమెంటు రేకు, అంటే సిమెంటు బస్తాల వ్యాగన్ల రైలు, వచ్చిన రోజు దుమ్ముకి బాల్కనీలో బట్టలు ఆరేయలేం. మా అబ్బాయి పాఠంలో మాత్రం గూడ్సు రైలు పర్యావరణానికి మేలు అని ఉంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ నమ్మండమ్మా. పాఠం పట్టాల గురించి చెబుతోంది, మీ బాల్కనీ షెడ్డు గురించి చెబుతోంది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ. అందుకే ఒక రైలు 2,500 టన్నుల సిమెంటును లాక్కొస్తుంది. అదే సరుకుకు 25 టన్నుల లారీలైతే వంద కావాలి. 2030 కల్లా నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవాలని రైల్వే లక్ష్యం కూడా పెట్టుకుంది. కాకపోతే మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుతో పుట్టేదే, రైల్వే మోసే సరుకులోనూ దాదాపు సగం బొగ్గే. ఈ ముక్క పాఠంలో ఉండి ఉండదు.

ఇక షెడ్డు. అక్కడ 31 ఏళ్లు గూడ్స్ క్లర్కుగా పనిచేశాను కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. వ్యాగనుకు సుమారు 60 టన్నులు, అంటే 1,200 బస్తాలు. 42 వ్యాగన్ల రేకులో యాభై వేలు దాటుతాయి. ప్రతి బస్తా హమాలీ మీదుగా దిగాల్సిందే. సరుకు దించే గడువు దాటితే వ్యాగనుకు గంటకింత అని డెమరేజి అనే జరిమానా పడుతుంది. ఆ లెక్క రాసింది నేనే. దానికి భయపడి కాంట్రాక్టరు తరుముతాడు, బస్తాలు విసురుతారు, కుట్టు తెగుతుంది. మీ చీరల మీద వాలేది ఆ సిమెంటు దుమ్మే.

పని అయ్యాక బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని హమాలీల నమ్మకం. అది గొంతు వరకే. చెమట పట్టిన మెడకు సిమెంటు అంటితే చర్మం కాలుతుంది, ఆ పుండ్లు చూశాను. వాళ్ల స్నానానికి ఒక కుళాయి కోసం నేను రాసిన కాగితాలు పదకొండు నెలలు తిరిగాయి.

డివిజనల్ రైల్వే మేనేజరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ అర్జీ పెట్టండి. రేకు వచ్చిన తేదీ, వేళ రాయండి. పైకప్పు, లారీల దారికి కాంక్రీటు, నీళ్లు చల్లే ట్యాంకరు, హమాలీలకు మాస్కులు, కుళాయిలు అడగండి. మట్టిదారిలో లారీ టైర్లు కూడా దుమ్ము లేపుతాయి. షెడ్డునే ఎత్తేయమని మాత్రం రాయకండి. అది ఊరి బయటికి పోతే అదే సరుకు ఇంకా దూరం లారీల్లో తిరుగుతుంది, హమాలీల కూలీ పోతుంది.

అన్నట్టు, బాల్కనీని నేరుగా తడిగుడ్డతో తుడవకండి. సిమెంటు కదా, గచ్చుకు పట్టేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని మెల్లగా ఊడ్చాకే నీళ్లు.