‘చూద్దాం’ అన్న మాటకు మూడు అర్థాలు

ప్రశ్న: మాది బరంపురం. అన్నయ్య, నేను 22 ఏళ్లుగా పట్టుచీరల దుకాణం భాగస్వామ్యంలో నడుపుతున్నాం. మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు గతసారి వచ్చిన మా అబ్బాయి విశాఖలో తన దగ్గరే ఉండిపొమ్మన్నాడు. నాకు వెళ్లాలనే ఉంది, అన్నయ్యకు చెప్పలేక ‘చూద్దాం’ అంటూ వస్తున్నాను. దసరాకు సరుకు ఎంత తెప్పిద్దామని అన్నయ్య అడిగినా అదే అన్నాను. సగమే తెప్పించాం, పండుగకు వారం ముందే అయిపోయింది. యాత్ర మళ్లీ రాబోతోంది. ఇంట్లో నా భార్య వంటింటికి సున్నం కూడా వేయించడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: సోదరా, వెళ్లాలనే ఉందని మీరే రాశారు కనుక, ఇక మిగిలింది ఆ మాట ఎవరికి, ఏ వరుసలో చెప్పాలన్నదే. ‘చూద్దాం’ అన్నప్పుడల్లా మీ అన్నగారు ఉంటారనుకున్నారు, అబ్బాయి వస్తారనుకున్నాడు, మీ భార్యకు మాత్రం ఏదీ తేలలేదు. ఎవరినీ నొప్పించకూడదనే ఆ మాట వాడి ఉంటారు. అయినా దసరాకు తెప్పించిన సగం సరుకు ఉండేవాడి లెక్కా కాదు, వెళ్లేవాడి లెక్కా కాదు. ఆ నష్టంలో సగం ఏమీ తెలియని మీ అన్నగారిది.

వంటింటి సున్నం సంగతి చివర ఫిర్యాదులా రాశారు గానీ, ఉత్తరమంతటిలో నన్ను ఆపింది అదే. విశాఖ వెళ్లడం ఆమెకు ఇష్టమో కాదో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందు ఆమెను అడగండి. ఆమె రానంటే, మీరూ అందుకు ఒప్పుకుంటే, అబ్బాయికి ‘మేం రావడం లేదు’ అని అదే రోజు చెప్పండి.

వెళ్లడమే ఖాయమైతే అన్నగారికి దుకాణంలో బేరాల మధ్య కాక, ఇంటికి వెళ్లి, వదినగారు కూడా ఉండగా, తేదీతో సహా చెప్పండి. మార్చి 31కి లెక్కలు ముగిద్దామనడం సబబు. కాగితం ఆ తర్వాత. ఒప్పందంలో గడువు గానీ ముగింపు షరతు గానీ రాసుకోకపోతే, రాతపూర్వకమైన నోటీసుతో భాగస్వామ్యాన్ని రద్దు చేసుకోవచ్చని 1932 నాటి భాగస్వామ్య చట్టం 43వ సెక్షన్ చెబుతుంది. మీరు ఇద్దరే కనుక మీరు తప్పుకుంటే భాగస్వామ్యం ముగుస్తుంది, దుకాణం మాత్రం ఆయన సొంతంగా నడుపుకోవచ్చు. చెప్పకుండా విశాఖలో మకాం పెడితే బాధ్యత తీరిపోదు. రద్దు సంగతి బహిరంగంగా ప్రకటించేదాకా దుకాణం పేరిట జరిగే లావాదేవీలకు బయటివారు మిమ్మల్నీ అడగగలరు. పంపకంలోనూ ముందు బయటి అప్పులు తీరాలి, తర్వాతే మీ పెట్టుబడులు. ఒప్పందపత్రం తీసుకెళ్లి ఒకసారి వకీలుకు చూపించండి.

అన్నగారు ఆ రాత్రి మాట్లాడకపోవచ్చు. 22 ఏళ్ల పొత్తు కదా, నాలుగు రోజులు ఆగండి, కానీ చెప్పిన తేదీని మాత్రం మార్చకండి.

ఈలోగా వంటింటికి సున్నం వేయించండి. మీరు ఉన్నా, అద్దెకు ఎవరైనా దిగినా అది కావలసిందే.