మాల తీసిన సాయంత్రమే మళ్లీ తాగారు

"మావారు అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే తాగొచ్చారు. దేవుడి కోసం మానగలిగిన మనిషి మా కోసం మానలేరా?" అని ఒక సోదరి ఉత్తరంలో అడిగారు.

అమ్మా, ఆ మాట రాయడానికి మీరెంత నలిగిపోయారో తెలుస్తోంది. కానీ మీ మీద ప్రేమ లేక ఆయన తాగలేదు.

దీక్షలో ఆయన చుట్టూ అన్నీ మారాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, సాయంత్రం భజన. రోజూ "రారా" అని లాక్కెళ్లే స్నేహితులే "స్వామీ" అని పక్కకి తప్పుకున్నారు. మాల తీయగానే మళ్లీ అదే దారి, రాత్రి ఏడింటికి అదే వైన్ షాపు బోర్డు.

మెదడుకి ఆ బోర్డు చాలు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం ఇస్తూ గమనించారు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు మెదడులో డోపమైన్ ("ఇది కావాలి" అనే కోరిక పుట్టించే రసాయనం) విడుదల చేసే కణాలు స్పందించేవి. అలవాటయ్యాక, రసానికి ముందు వెలిగే లైటు చూడగానే స్పందించాయి. మీవారికి ఆ లైటు వైన్ షాపు బోర్డే. గ్లాసు ముట్టకముందే లోపల లాగుడు మొదలైపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ తాగితే వచ్చే హాయి తగ్గుతుంది, లాగుడు తగ్గదు. "తాగి సంతోషంగా ఉంటారా అంటే అదీ లేదు" అని మీరే రాశారు కదా.

బాబు ప్రోగ్రెస్ కార్డు చూపిస్తే "ఊఁ" అని ఊరుకున్నారని బాధపడ్డారు. బాగా తాగేవాళ్ల మెదడులో డోపమైన్‌ని అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి, అందుకే ఇంటి సంతోషాలు చప్పగా అనిపిస్తాయి. మానేశాక కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. అందుకే 41 రోజులు చాలలేదు.

జబ్బు కదా అని దెబ్బలు భరించమనడం లేదు. చెయ్యెత్తితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఆయన తాగని పూట, పొద్దున్నే, మాలలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఎలా గడిచాయో అడగండి. నిందించకుండా అడగండి. ఆ ఏడు గంటల వేళకి మళ్లీ భజనో, బాబుతో గ్రౌండుకి వెళ్లడమో, ఇంటికి వేరే దారో ఇద్దరూ కలిసి చూడండి. లాగుడు తగ్గించే మందులున్నాయి, సైకియాట్రిస్టు రాస్తారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి మానేటప్పుడు డాక్టరుకి ముందే చెప్పాలి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. పోయినసారి ఏమీ కాలేదని ధైర్యం చేయొద్దు.

ఇక మీ అక్క ఇచ్చిన పొడి. తాగుడు మాన్పిస్తుందని, ఆయనకి తెలియకుండా కూరలో కలపమన్నారని రాశారు. అలాంటి వాటిలో ఏం కలుపుతారో మనకి తెలియదు. కొన్ని మందుల మీద మద్యం పడితే వాంతులు, గుండెదడ వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఆ పొట్లం ఈరోజే పారేయండి.