ఇంట్లోనే ఉండిపోయినప్పుడు, తోటివాళ్లంతా ఏదో సాధిస్తున్నారు నేనే వెనకబడ్డాను అనే బాధ పోయేదెలా?

కాలు విరిగి రెండు నెలలుగా ఇంట్లోనే ఉన్నానని, ఫోన్ తెరిస్తే చాలు స్నేహితులు పూర్తిచేసిన కోర్సులే కనిపిస్తున్నాయని రాశారు. మీ ప్రశ్న చదవగానే నాకు 2020 జులై గుర్తొచ్చింది. అప్పుడు కరోనా వల్ల నేనూ ఇల్లు కదల్లేదు.

కాలేజీ స్నేహితులం పదిమందికి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో గానీ, రోజూ పడుకునే ముందు ఆ రోజు ఏమేం చేశామో అందులో రాయాలి. ఒకరు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నారు, ఒకరు నెలలో నాలుగో పుస్తకం ముగించారు, ఇంకొకరు డాబా మీదే ఏడు కిలోమీటర్లు నడిచారు. నాకేమో ఆఫీసు పని, అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన అత్తయ్యను పట్టుకుని నడిపించడం, వీటితోనే పొద్దుపోయేది. అవి రాయడానికి చేయి వచ్చేది కాదు. ఒకరోజు రాత్రి పదకొండింటికి "ముప్పై పేజీలు చదివాను, అరగంట యోగా చేశాను" అని రాసేశాను. రెండూ అబద్ధాలే. పక్కన పడుకున్న మా అమ్మాయికి అప్పుడప్పుడే చదవడం వస్తోంది, కనిపించిన ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కునేది. తెర మీదకు వంగి నెమ్మదిగా చదివి, "అమ్మా, యోగా ఎప్పుడు చేశావు? నేను చూడలేదే" అంది. ఏం చెప్పాలో తెలియక లైటు తీసేశాను. చీకట్లో మళ్లీ, "రేపు నన్ను కూడా లేపు, నేనూ చేస్తా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే గ్రూపులో, నిన్న రాసింది అబద్ధమని చెప్పి, నిజంగా చేసినవి రాశాను. అత్తయ్యను హాల్లో నాలుగుసార్లు నడిపించాను, కట్టు మార్చాను, అమ్మాయికి కూడికలు చెప్పాను, ఆఫీసు పని సగంలో ఆపాను. ఎవరూ ఏమీ అనలేదు. రాత్రికి మళ్లీ లిస్టులు మొదలయ్యాయి. నేను గ్రూపు మ్యూట్ చేసి నెల దాకా తెరవలేదు. ఆ నెలలో నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే మనసాగదు. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూసేస్తే న్యూటన్ ఇంటికెళ్లి గురుత్వాకర్షణ కనిపెట్టాడు, మరి నువ్వేం చేస్తున్నావు అంటూ ఒక మెసేజ్ ఆ రోజుల్లో అందరూ ఫార్వర్డ్ చేశారు. చదివిన ప్రతిసారీ కోపం వచ్చేది. ఆయనకప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఉన్నది పనివాళ్లున్న అమ్మగారింట్లో. ఆ రోజుల్లోనే కనిపెట్టాడని చెప్పే కాలిక్యులస్ అనే గణితం మీద ఆలోచనలు కూడా ఇంటికి రాకముందే మొదలయ్యాయి. గురుత్వాకర్షణ మీద పూర్తి పుస్తకం వచ్చింది 1687లో, అంటే ఇరవై ఏళ్లు దాటాక! ఇవేవీ ఆ మెసేజ్‌లో ఉండవు. మంచాన ఉన్న మనిషికి, చంటిపిల్ల ఉన్న తల్లికి అలాంటివి పంపడం నా దృష్టిలో క్రూరత్వం.

అయినా మనల్ని నిజంగా కుంగదీసేది న్యూటన్ కాదు, మన పక్క బెంచీలో కూర్చున్నవాళ్లే. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఈ సంగతి చెప్పాడు. కొలుచుకోవడానికి వేరే కొలబద్ద లేనప్పుడు మనిషి తనలాంటివాళ్లతో పోల్చుకుంటాడట. ఇంట్లో పడి ఉన్నప్పుడు మార్కులూ ఉండవు, మెచ్చుకునే మేనేజరూ ఉండడు, ఇక మిగిలేది స్నేహితుడి స్టేటస్ ఒక్కటే. అందుకే అది అంత గట్టిగా తగులుతుంది. మీలో లోపం ఉందని మాత్రం అనుకోకండి.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని కాలు బాగుచేసుకోవడం. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, మధ్యలో నిద్ర, తిండి, డాక్టర్ చెప్పిన వ్యాయామాలు, అన్నీ పనే. అత్తయ్యకు కర్ర లేకుండా మెట్లు దిగడానికి ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలలూ ఆవిడ ఎంత కష్టపడ్డారో నేను కళ్లారా చూశాను. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్న ఇద్దరు ముగ్గురి స్టేటస్‌లు ఈ రాత్రికే మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు కూడా. డాక్టర్ మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఎక్స్‌రే చూసి ఏమన్నారో వీలైతే కింద రాయండి.