టెక్ సందేహాలు: రాకీ పర్వతాల్లో మోటర్‌హోమ్, చేతిలో కెమెరా

ప్రశ్న: కాల్గరీలో ఉంటున్న మా అబ్బాయి కుటుంబంతో కలిసి సెప్టెంబరులో మోటర్‌హోమ్ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుని బాన్ఫ్, జాస్పర్ జాతీయ పార్కులకు వెళ్తున్నాం. నా దగ్గర ఏపీఎస్-సి (మధ్యరకం సైజు) సెన్సర్ ఉన్న 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్స్ ఉన్నాయి. అక్కడ ఎలుగుబంట్లు, ఎల్క్‌లు (దుప్పి జాతి పెద్ద జంతువులు) కనిపిస్తాయంటున్నారు. కొత్త లెన్స్ కొనాలా, ఫోన్ జూమ్ సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు దూరం లెక్క చూద్దాం. కెనడా జాతీయ పార్కుల్లో ఎలుగుబంట్లు, తోడేళ్లకు కనీసం 100 మీటర్లు, ఎల్క్‌లు, దుప్పులు, కొండగొర్రెలకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలని పార్కుల యంత్రాంగం చెబుతుంది. సెప్టెంబరు ఎల్క్‌లు జతకట్టే కాలం కాబట్టి మగ ఎల్క్ మరింత దూకుడుగా ఉంటుంది, దానికి 30 మీటర్లు కూడా చాలవనుకుని ఇంకాస్త వెనకే ఉండండి. ఈ దూరాలను మార్చలేం కనుక వాటికి తగిన లెన్స్‌నే ఎంచుకోవాలి.

మీ 55 మి.మీ. లెన్స్‌తో 100 మీటర్ల అవతలి దృశ్యాన్ని తీస్తే ఫ్రేములో దాదాపు 43 మీటర్ల వెడల్పు పడుతుంది. అందులో సుమారు 1.8 మీటర్ల పొడవున్న ఎలుగుబంటికి దక్కేది మీ కెమెరా బొమ్మలోని 6,000 పిక్సెళ్ల వెడల్పులో 250 మాత్రమే. అదే చోటి నుంచి 400 మి.మీ. లెన్స్‌తో తీస్తే ఫ్రేము వెడల్పు 6 మీటర్లకు తగ్గి, ఎలుగుబంటి దాదాపు 1,800 పిక్సెళ్లు, అంటే ఫ్రేములో మూడో వంతు వరకు వస్తుంది. ముంగురుల్లా వేలాడే బొచ్చు, తడిసిన ముక్కు, కళ్లలో మెరుపు అప్పుడే కనిపిస్తాయి. అందువల్ల 100-400 మి.మీ. జూమ్ లెన్స్ మీకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క ప్రయాణం కోసం కొనడంకన్నా కాల్గరీలోనే అద్దెకు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. బయల్దేరడానికి ఒక రోజు ముందే తీసుకుని ఇంటి పెరట్లో పక్షులపై సాధన చేయండి.

ఫోన్ జూమ్‌ను కొండల దృశ్యాలకు వాడుకోండి, జంతువులకు మాత్రం నమ్ముకోవద్దు. ఆప్టికల్ జూమ్ (లెన్స్‌తోనే జరిగే జూమ్) పరిధి దాటాక కొన్ని ఫోన్లు లేని బొచ్చును సాఫ్ట్‌వేర్‌తో ఊహించి గీస్తాయి. అలాంటి బొమ్మను నేనైతే వన్యప్రాణి ఛాయాచిత్రం అనలేను.

ప్రశ్న: మోటర్‌హోమ్ కిటికీలోంచి తీసిన బొమ్మలు మసకగా వస్తున్నాయి. లెన్స్‌లో లోపమేమో అనిపిస్తోంది. ఎలా తెలుసుకోవాలి? పార్కుల్లో డ్రోన్ ఎగరేయొచ్చా?
— ఒక పాఠకుడు, ఎడ్మంటన్

జవాబు: లెన్స్‌ను అనుమానించే ముందు మోటర్‌హోమ్‌ను పరిశీలించండి. ఇంజను ఆడుతుంటే కెమెరా అదురుతుంది. ఇంజను ఆపినా, లోపల ఎవరైనా నాలుగడుగులు వేస్తే బండి మొత్తం ఊగుతుంది. కాబట్టి బండిని రోడ్డు పక్క సురక్షితంగా నిలిపాక ఇంజను ఆపి, అందరినీ కాసేపు కదలకుండా కూర్చోమనండి. గుడ్డసంచిలో రెండు కిలోల బియ్యం పోసి, మూతి గట్టిగా కట్టి, కిటికీ అంచుమీద పరచి, లెన్స్‌ను దానిపై ఆనించండి. ఇరుకైన కిటికీ దగ్గర ట్రైపాడ్‌కంటే ఇదే మేలు, పైగా తిరుగు ప్రయాణంలో ఆ బియ్యం వండుకోవచ్చు. జంతువు కదులుతుంటే షటర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు ఉంచి, ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేయండి.

చాలామంది గుర్తించని కారణం ఇంకొకటుంది. కొండల్లో తెల్లవారుజామున హీటరు వేసి, కిటికీ తెరిచి తీస్తే లోపలి వేడిగాలి బయటి చల్లగాలితో కలిసి లెన్స్ ముందే అలలుగా కదులుతుంది. మండుటెండలో తారురోడ్డుమీద కనిపించే ఎండమావి లాంటిదే ఇది. ఒక ఉదయం నేను తీసిన 60 బొమ్మలూ ఇలాగే పాడయ్యాయి. ఎంత మంచి లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు. హీటరు ఆపి, కిటికీ తెరిచి, పది నిమిషాలు ఆగి, లోపలా బయటా చలి సమానమయ్యాక తీయండి. కిటికీ మూసే ఉంచి తీయాల్సివస్తే లెన్స్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి. పోలరైజర్ ఫిల్టరు (మెరుపును తగ్గించేందుకు లెన్స్ ముందు బిగించే అద్దం) ఉంటే తీసేయండి, లేకుంటే కొన్ని అద్దాల్లో, ముఖ్యంగా ప్లాస్టిక్ కిటికీల్లో, ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి.

అదే పోలరైజర్ సరస్సుల దగ్గర ఎంతో ఉపయోగపడుతుంది. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు 230 కిలోమీటర్లు సాగే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వేమీద బో సరస్సు, పేటో సరస్సు వస్తాయి. హిమానీనదాలు రాళ్లను రాపాడించగా వచ్చిన మెత్తని పొడి నీటిలో తేలుతూ కాంతిని వెదజల్లుతుంది కనుక వాటికి ఆ నీలాకుపచ్చ రంగు వచ్చింది. నీటిపై మెరుపును పోలరైజర్ కోసేస్తే రంగు చిక్కగా కనిపిస్తుంది. కానీ బాన్ఫ్ పట్టణం పక్కన వెర్మిలియన్ సరస్సుల్లో ఉదయం మౌంట్ రండిల్ ప్రతిబింబం తీస్తున్నప్పుడు ఫిల్టరును పూర్తిగా తిప్పితే ఆ ప్రతిబింబమే మాయమవుతుంది. నీటిని చూస్తూ మెల్లగా తిప్పి, కొండ స్పష్టంగా కనిపించిన చోట ఆపండి.

డ్రోన్ గురించి కూడా అడిగారు. జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా ఎగరేయడం నిషేధం, జరిమానా 25,000 కెనడా డాలర్ల వరకు ఉండొచ్చు. ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

ప్రశ్న: మోటర్‌హోమ్‌లో బ్యాటరీల ఛార్జింగ్, బొమ్మల బ్యాకప్ ఎలా? క్లౌడ్‌లోకి పంపితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వేలో చాలాచోట్ల మొబైల్ సిగ్నలే ఉండదు కాబట్టి క్లౌడ్‌ను లెక్కలోంచి తీసేయండి. రోజుకు 600 రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే మూల బొమ్మలు), ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే 18 జీబీ, పది రోజులకు 180 జీబీ. 500 జీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ (బొమ్మలు దాచుకునే చిన్న డ్రైవ్) ఒకటి, సరిపడా మెమొరీ కార్డులు తీసుకెళ్లండి. రాత్రి కాపీ చేశాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, కార్డును మాత్రం ఇంటికొచ్చేదాకా ఫార్మాట్ చేయవద్దు. ఎస్ఎస్‌డీ ఒకరి సంచిలో, కార్డులు మరొకరి సంచిలో ఉండాలి.

చాలా మోటర్‌హోమ్‌లలో గోడ సాకెట్లు క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకు కలిపినప్పుడో, జనరేటర్ నడిచినప్పుడో మాత్రమే పనిచేస్తాయి. అందువల్ల 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే యూఎస్‌బీ-సి ఛార్జర్ కొని, బండి నడుస్తున్న గంటల్లోనే కెమెరా బ్యాటరీలు నింపుకోండి. ఉదయపు చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక అదనపు బ్యాటరీని కోటు లోపలి జేబులో ఉంచండి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే వెళ్లాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. బయటి చలిలోంచి కెమెరాను తెచ్చి, కుక్కరు కూతపెడుతూ చారు మరుగుతున్న వెచ్చని గదిలో నేరుగా పెడితే లెన్స్ మీదా, లోపలా తడి చేరుతుంది. బయట ఉండగానే జిప్ సంచిలో మూసి తెచ్చి, గంట తర్వాత తెరవండి.

కెమెరా గడియారం భారత కాలంలోనే ఉంటే బాన్ఫ్, జాస్పర్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలో సెప్టెంబరులో 11 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. విమానం దిగగానే సరిచేయకపోతే ఫోన్ బొమ్మలు, కెమెరా బొమ్మలు వరుస తప్పుతాయి. ఫోన్‌తో తీసిన ఎలుగుబంటి బొమ్మను గ్రూపుల్లో పెట్టేముందు లొకేషన్ సమాచారం తొలగించండి. పిల్లలతో తిరిగే తల్లి ఎలుగుబంటి ఉన్న చోటు పదిమందికి తెలిస్తే సాయంత్రానికి అక్కడ బండ్లు బారులు తీరతాయి.